సర్వరు చిట్టాయు సందర్శకుల లెక్కయు

వర్తకుని కొట్టులో రెండు పుస్తకములు ఉండుట వాడుక. బేరము జరిగినది జరిగినట్లు వరుసగా ఎక్కించునది చిట్టా. అందుండి పద్దులు విడదీసి, ఎవరి ఖాతా వారికి కట్టి చూపునది ఆవర్జా. చిట్టా సరిగా ఉండియు ఆవర్జా తప్పు కావచ్చును. వెబ్ సర్వరు విషయములోను ఇంతే. తన యొద్దకు వచ్చిన ప్రతి అభ్యర్థనను సర్వరు ఒక్కొక్క పంక్తిగా వ్రాసికొనును. దీనిని లాగ్ అందురు. ఇది దాని చిట్టా. ఈ చిట్టాను చదివి, ఈ నెలలో ఇందరు సందర్శకులు వచ్చిరని పట్టికలు గీసి చూపు ప్రోగ్రాములు ఆవర్జా వ్రాయు గుమాస్తాల వంటివి. అట్టి గుమాస్తాలలో పేరుపడినవి మూడు: అనలాగ్, వెబలైజర్, ఏడబ్ల్యుస్టాట్స్. నేడు పాఠశాలలు, గ్రంథాలయములు, కార్యాలయములు తమ వెబ్‌సైటులను ఎందరు చూచిరో ఇట్టి లెక్కలనుబట్టియే చెప్పుకొనుచున్నవి గనుక, ఈ మూడింటి పనితీరును కొంచెము నిదానించి పరిశీలించుట అవసరము.

మొదట చిట్టాలో ఏమున్నదో చూడవలెను. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటింగు కేంద్రములో తయారైన సర్వరుతో వాడుకలోనికి వచ్చిన సామాన్య పద్ధతిలో పంక్తికి ఏడు గళ్లు. అభ్యర్థన పంపిన కంప్యూటరు చిరునామా మొదటిది. రెండవ గడిలో ఆ కంప్యూటరును వాడుచున్నవాని గుర్తింపు ఉండవలెను. కాని ఆ సమాచారమును ఎవరును పంపరు గనుక అచ్చట ఒక చిన్న గీత మాత్రము కనబడును. మూడవది సంకేతపదముతో లోనికి వచ్చినవాని పేరు. బహిరంగ పుటలలో ఇదియు గీతయే. తరువాత కాలము, కోరిన ఫైలు పేరు, ఫలితమును తెలుపు మూడంకెల సంఖ్య, పంపిన బైట్ల మొత్తము. కోరినది దొరికినచో 200, లేనిచో 404, నీ యొద్ద ఉన్న ప్రతియే చాలును, మార్పు లేదని చెప్పుటకు 304. అపాచీ సర్వరులో ఇంకొక విచిత్రము కలదు. పంక్తిలో వేయబడు కాలము అభ్యర్థన అందిన కాలము; పంక్తి వ్రాయబడునది పని ముగిసిన తరువాత. అందుచే పెద్ద ఫైలును దింపుకొనినవాని పంక్తి, అతని తరువాత వచ్చినవారి పంక్తులకు క్రింద పడును. చిట్టాలో కాలము వెనుకకు నడచినట్లు కనబడినచో విద్యార్థులు కంగారు పడనక్కరలేదు.

సంయుక్త పద్ధతిలో మరి రెండు గళ్లు చేరును. చదువరి ఏ పుటనుండి ఇటు వచ్చెనో చెప్పునది ఒకటి, అతని బ్రౌజరు తన్ను గూర్చి తాను చెప్పుకొను పరిచయ వాక్యము రెండవది. మొదటిదాని పేరు రిఫరర్. దానిని ఇంగ్లీషులో వ్రాయునప్పుడు నడుమ ఒక ఆర్ అక్షరము జారిపోయినది. 1996లో వెలువడిన ప్రమాణపత్రము ఆ తప్పును అట్లే స్థిరపరచినది. నేటికిని ప్రపంచములోని సర్వరులన్నియు ఆ అక్షరదోషముతోనే వ్యవహరించుచున్నవి.

ఇంతే చిట్టా. ఇందులో మనిషి అనువాడు ఎచ్చటను లేడు. ఒక పుటను తెరచి చూచుట, చదువుట, విసుగు పుట్టి మూసివేయుట అను పనులలో ఏదియు ఇందు నమోదు కాదు. ఒక పుటలో 20 బొమ్మలున్నచో, ఆ పుటను మొదటిసారి తెరచిన ఒక్క చదువరి వలన 21 పంక్తులు పడును. వీటినే హిట్లు అందురు. మాకు నెలకు లక్ష హిట్లు వచ్చినవని చెప్పుకొనువారు తమ చదువరులను కాక, తమ బొమ్మలను లెక్కపెట్టుకొనుచున్నారేమో చూచుకొనవలెను.

అనలాగ్ ఈ మూడింటిలో పెద్దది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణాంకశాస్త్ర ప్రయోగశాలలో ఉండగా స్టీఫెన్ టర్నర్ దీనిని 1995లో విడుదల చేసెను. గణాంకశాస్త్రము చదివినవాడు వ్రాసిన ప్రోగ్రామని దాని నడతయే చెప్పును. ఏ ఫైలును ఎన్నిసార్లు కోరిరి, ఏ గంటలో రద్దీ హెచ్చు, ఎన్ని బైట్లు పోయినవి, ఏ చిరునామాలు ఎక్కువగా కనబడినవి అను పట్టికలను మిక్కిలి వేగముగా ఇచ్చును. సందర్శకులు ఎందరు, సందర్శనలు ఎన్ని అని అడిగినచో మాత్రము చెప్పదు. చిట్టాలో లేనిదానిని చెప్పజాలనని దాని వివరణ గ్రంథములోనే టర్నర్ సకారణముగా వ్రాసెను. దాని పటములకు అందము తక్కువ. సరుకు కొనువారికి నచ్చు హంగులు లేవు. ఐనను సాధనమునకు ఉండదగిన మొదటి గుణము దానికి ఉన్నది. తెలియనిదానిని తెలిసినట్లు చూపదు.

బ్రాడ్‌ఫర్డ్ బారెట్ వ్రాసిన వెబలైజర్ 1997లోను, లోరాన్ డెస్టైయూర్ వ్రాసిన ఏడబ్ల్యుస్టాట్స్ 2000 ప్రాంతమునను వచ్చినవి. ఇవి రెండును సందర్శనలను లెక్కించును. ఎట్లు? ఒకే చిరునామానుండి వచ్చిన అభ్యర్థనల నడుమ నిర్ణీత వ్యవధి దాటనంతవరకు అది ఒక సందర్శన. దాటినచో క్రొత్త సందర్శన. ఆ వ్యవధిని మార్చకుండ విడిచినచో వెబలైజర్‌లో అది 30 నిమిషములు, ఏడబ్ల్యుస్టాట్స్‌లో ఒక గంట. ఒక విద్యార్థిని 10 గంటలకు ఒక పాఠమును, 10-40కి రెండవ పాఠమును, 11-50కి మూడవ పాఠమును తెరచినదనుకొనుడు. మొదటి వ్యవధి 40 నిమిషములు, రెండవది 70. వెబలైజర్ లెక్కలో ఇవి మూడు సందర్శనలు. ఏడబ్ల్యుస్టాట్స్ లెక్కలో రెండు. ఆ పిల్ల ఉదయమంతయు కదలక ఒకేచోట కూర్చుండి చదివియుండవచ్చును. చిట్టా ఒకటే, పంక్తులు మూడే. ఆవర్జాలు మాత్రము రెండు విధములు. ఏది సరియని అడుగుటలో అర్థము లేదు, ఏలయన రెండును కొలతలు కావు, ఏర్పాట్లు.

ఈ 30 నిమిషముల వాడుక వెనుక ఒక చిన్న కథ ఉన్నది. 1995లో లారా కాట్‌లెడ్జ్, జేమ్స్ పిట్కో అను ఇద్దరు పరిశోధకులు జార్జియా సాంకేతిక విద్యాసంస్థలో 107 మంది మొజాయిక్ బ్రౌజరును వాడిన తీరును పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. రెండు చర్యల నడుమ సగటు వ్యవధి 9.3 నిమిషములని వారికి తేలినది. దానికి ప్రామాణిక విచలనమునకు ఒకటిన్నర రెట్లు కలిపి, 25.5 నిమిషములు దాటిన విరామమును క్రొత్త కూర్పునకు ఆరంభముగా గ్రహించిరి. వారు వాడినది సర్వరు చిట్టాను కాదు. చదువరి కంప్యూటరులోనే నమోదైన చర్యలను. 30 నిమిషముల గడువును సమర్థించువారు నేటికిని తరచు ఈ పరిశోధననే చూపుదురు. ఒక్క కళాశాలలోని 107 మంది అలవాటు, సెల్‌ఫోనులో చదువుచు మధ్యలో బస్సు దిగి మరల తెరచు చదువరికి ఎంతవరకు వర్తించునో గణితోపాధ్యాయులు తరగతిలో చర్చకు పెట్టదగిన ప్రశ్న.

చిరునామాను మనిషిగా ఎంచుట ఇంకను పెద్ద చిక్కు. నాలుగవ కూర్పు ఇంటర్నెట్ చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు. అవి చాలకపోవుటచే ఫోను కంపెనీలు అనేకులైన వాడుకరులను ఒకే చిరునామా చాటున ఉంచుచున్నవి. కళాశాల ప్రయోగశాలలో 60 మంది ఒక పుటను తెరచినను సర్వరుకు అది ఒకే చిరునామాగా కనబడవచ్చును. అదే సమయమున ఇంటిలోని వైఫై విడిచి వీధిలోనికి నడచిన ఒక్క మనిషి ఇద్దరగును. కాషే అను నిలువ పద్ధతి మరియొక మడత. ఒకసారి చూచిన పుట బ్రౌజరులో నిలువ ఉన్నచో, రెండవసారి చూచినప్పుడు సర్వరుకు కబురే పోకపోవచ్చును. రచ్చబండ దగ్గర ఒకడు పత్రికను బిగ్గరగా చదువగా పదిమంది వినినను, పత్రిక కార్యాలయపు లెక్కలో అది ఒక ప్రతియే గదా! ఇక పుట ముందు ఎంతసేపు గడపిరను పట్టికను గూర్చి చెప్పనే అక్కరలేదు. చదువరి వెడలిపోవునప్పుడు సర్వరుకు చెప్పి పోడు. కావున చివరి పుటపై గడచిన కాలము చిట్టావలన ఎన్నటికిని తెలియదు.

ఏడబ్ల్యుస్టాట్స్‌ను మెచ్చుకొనదగిన చోటు ఒకటి ఉన్నది. వెదకుయంత్రముల తరపున పుటలను ఏరుకొని పోవు బాట్లను అది మనుష్యులలో కలుపక వేరు పట్టికలో చూపును. పరిచయ వాక్యములోని పేరును తన జాబితాతో పోల్చి ఈ పని చేయును. పేరు చెప్పుకొని వచ్చు మర్యాదస్థుల విషయములో ఇది చక్కగా సాగును. కాని పరిచయ వాక్యము వచ్చినవాడు చెప్పిన మాటయే. దానిని ఎవరైనను ఎట్లయినను వ్రాసికొనవచ్చును. బ్రౌజరు వేషము వేసిన బాటును జాబితాతో పట్టుకొనుట అసాధ్యము. మారువేషగానిని పేరడిగి పట్టుకొనదలచినట్లుండును.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నిటిని నడపు వికీమీడియా సంస్థకు 2025లో కలిగిన అనుభవమే ఇందుకు సాక్ష్యము. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ, పుట వీక్షణలలో బాట్ల వంతు సుమారు 35 శాతమే ఐనను, సర్వరులకు మిక్కిలి ఖర్చు తెచ్చిపెట్టు రాకపోకలలో 65 శాతము వాటివేనని ప్రకటించెను. మనుష్యులు పదిమంది చూచిన పుటలనే మరల చూతురు. అవి దగ్గరలోనే నిలువ ఉండును. బాట్లు మూలమూలల నున్న పుటలను కూడ తోడుకొనిపోవును. వాటికై ప్రధాన కేంద్రమును తట్టవలసివచ్చును. ఆ తరువాత మే, జూన్ నెలలలో మనుష్యుల పద్దులో, ముఖ్యముగా బ్రెజిల్ దేశమునుండి, వీక్షణలు అసాధారణముగా పెరిగినవి. పరీక్షింపగా వాటిలో అధికభాగము కనబడకుండ తప్పించుకొనుటకే నిర్మింపబడిన బాట్లవని తేలినది. పద్ధతిని సవరించి మరల లెక్కకట్టగా, అంతకుముందటి సంవత్సరపు అవే నెలలతో పోల్చినచో మనుష్య వీక్షణలు సుమారు 8 శాతము తగ్గినట్లు కనబడెను. చదువరులు తగ్గుచున్న కాలమున చదువరులు పెరిగిరని పట్టిక చెప్పుచుండెను! స్వచ్ఛంద రచయితలు చదువరులనుండియే పుట్టవలసిన సంస్థకు ఈ భేదము ప్రాణప్రదమైనది. అంత నిపుణులున్న సంస్థయే కొన్ని నెలలు పొరబడినప్పుడు, ఒక జిల్లా గ్రంథాలయము తన వెబ్‌సైటులో ఏ విభాగమును మూసివేయవలెనో పట్టికలోని ఒక్క అంకెనుబట్టి నిర్ణయించుట సాహసమే అగును.

పాతబడిన పట్టికలను గూర్చి ఒక మాట. ఏ పదములు వెదకి చదువరులు ఇచ్చటికి వచ్చిరో చూపు పట్టిక వెబలైజర్‌లోను, ఏడబ్ల్యుస్టాట్స్‌లోను ఉన్నది. ఒకప్పుడు అది ఉపాధ్యాయునికి బంగారము వంటిది. పిల్లలు ఏ సందేహముతో వచ్చిరో తెలియుచుండెను. 2011 నుండి గూగుల్ వెదకిన పదములను దాచుట ఆరంభించినది. 2020 ప్రాంతమునుండి బ్రౌజర్లు కూడ ఇతర సైటులకు పోవునప్పుడు వెనుకటి పుట పూర్తి చిరునామాను పంపక, సైటు పేరు మాత్రమే పంపుట అలవాటు చేసికొనినవి. చదువరి గోప్యమునకు ఇది మేలే. పట్టిక మాత్రము దాదాపు ఖాళీ అయినది. ఐనను రెండు ప్రోగ్రాములును దానిని ఇప్పటికిని గంభీరముగా అచ్చువేయుచునే ఉన్నవి.

చిట్టాను విడిచి, పుటలోనే ఒక చిన్న స్క్రిప్టును ఉంచి చదువరి బ్రౌజరు చేతనే కబురు పంపించు పద్ధతి నేడు ప్రబలినది. గూగుల్ 2005లో అర్చిన్ అను సంస్థను కొని, అదే సంవత్సరము అనలిటిక్స్ పేరుతో దీనిని ఉచితముగా ఇచ్చెను. కాషేనుండి తెరచిన పుటయు దీనికి అందును. కాని స్క్రిప్టును అడ్డగించువారు దీనికి కనబడరు. బొమ్మను గాని, పీడీఎఫ్ ఫైలును గాని నేరుగా దింపుకొనినవారు అసలే కనబడరు. పాత ప్రశ్నపత్రములను పీడీఎఫ్‌గా ఉంచిన పాఠశాలకు చిట్టాయే నమ్మకమైనది. పైగా స్క్రిప్టు తెచ్చిన సమాచారము పాఠశాల అలమరలో ఉండదు, పరుల ఇంట ఉండును.

చిట్టా మన యొద్దనే ఉన్నంతమాత్రమున నిర్లక్ష్యము తగదు. చదువరి ఏ గంటలో ఏ పుటను కోరెనో చిరునామాతో సహా అందులో ఉన్నది. మారుచుండు ఇంటర్నెట్ చిరునామా కూడ వ్యక్తిగత సమాచారము కాగలదని ఐరోపా న్యాయస్థానము 2016లో తీర్పు చెప్పెను. అందుచే తరగతిలో అభ్యాసము కొరకు నిజమైన చిట్టాను ఇవ్వదలచిన ఉపాధ్యాయుడు ముందుగా ప్రతి చిరునామాలోని నాలుగవ సంఖ్యను సున్న చేయవలెను. మూడవ గడిలో పేర్లున్నచో వాటిని తుడిచివేయవలెను. పంక్తులు ఒక 200 ఉన్న చాలును. ప్రోగ్రాము లేకుండ కాగితముమీదనే పిల్లలు పుటలను, బొమ్మలను, బాట్లను వేరుచేయగలరు. సున్న చేయుటకు ముందొకసారి, తరువాత ఒకసారి అదే చిట్టాను మూడు ప్రోగ్రాములకును ఇచ్చినచో వింత కనబడును. అనలాగ్ పట్టికలలో చిరునామాలకు చెందినవి తప్ప మిగిలినవన్నియు ఉన్నచోటనే ఉండును. తక్కిన రెండింటిలో సందర్శకులు తగ్గుదురు, ఏలయన 256 చిరునామాలు కలిసి ఒకటి అయినవి. పుటల సంఖ్య మాత్రము ఒక్కటియు తగ్గదు.