ఎవరి బిడ్డ ఎత్తినా వంద కిలోలే

ఈ వారం నెల్లిమర్ల వైపు ఒక హైస్కూల్ మైదానంలో వెయిట్‌లిఫ్టింగ్‌కి పిల్లల్ని ఎంపిక చేస్తుంటే వెళ్లి చూశాను. ఎత్తు, బరువు, నిలుచున్న చోటు నుంచి దూకే దూకు, 30 మీటర్ల పరుగు, అన్నీ ట్యాబ్‌లోకి ఎక్కుతున్నాయి. చివర్లో ట్యాబే ఒక మార్కు చూపిస్తుంది. గీతకి పైనున్నవాళ్లు ఉండాలి, కిందివాళ్లు ఇంటికెళ్లాలి. పన్నెండేళ్ల పిల్ల ఒకతి గీత కింద పడింది. వెంట వచ్చిన అమ్మమ్మ, "ఏటి బాబూ, మా గుంటకి ఏటి తక్కువ?" అని అడిగింది. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు దాన్ని తిప్పి చూపించాడు. అంతకుమించి జవాబు లేదు.

నాకు ఒళ్లు మండింది. కాసేపటి క్రితమే ఆ పిల్ల నేల మీదున్న నీళ్ల క్యాన్ ఎత్తడం చూశాను. గొంతుక్కూర్చున్నా మడమలు నేలను వదల్లేదు. వీపు నిటారుగా ఉంది. మోకాళ్లు లోపలికి పోలేదు. పక్కనున్న పాత మాస్టారు నన్ను మోచేత్తో పొడిచి, "ఆ మడమలు చూడండి బాబూ" అన్నారు. స్నాచ్‌లో బార్‌ని తల మీద నిలబెట్టి కిందికి కూర్చోవాలంటే ముందు కావలసింది అదే. కొందరికి ఏళ్ల తరబడి నేర్పినా అది పట్టుబడదు. ట్యాబ్‌లో దానికి గడే లేదు.

కోచ్ కంటి మీద నాకున్న నమ్మకం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. వీరఘట్టంలో మల్లయోధుడు కోడి రామ్మూర్తి పుట్టిన సీమ ఇది, సంక్రాంతికి సంగిడి రాళ్లెత్తే ఊళ్లివి. రాయి మీద చెయ్యి వేసిన తీరు చూసే లేస్తుందో లేవదో చెప్పేసే పెద్దలు మనకి కొత్త కాదు.

కంటికీ లెక్కకీ మధ్య ఈ తగువు అమెరికా బేస్‌బాల్‌లో బాగా ముదిరింది. 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో టాంపా బే పిచర్ బ్లేక్ స్నెల్ రెండే హిట్లు ఇచ్చి, తొమ్మిది మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అయినా మేనేజర్ కెవిన్ క్యాష్ 73 బంతుల దగ్గర అతన్ని దించేశాడు. అవే బ్యాటర్లు మూడోసారి ఎదురైతే ఏ పిచరైనా దెబ్బ తింటాడన్నది లెక్కల మాట. 1-0 ఆధిక్యం చేజారింది, 3-1తో ఆటా సిరీసూ పోయాయి. ఆ పూట చెయ్యి ఎలా ఆడుతోందో చూడకుండా పాత లెక్కనే నమ్మారని అభిమానులు ఇప్పటికీ తిట్టిపోస్తారు.

మన ప్రాంతపు గాయం దీనికి తిరగబడ్డ కథ. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, 69 కిలోల విభాగం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. మొత్తం 240. చైనా లిన్ వైనింగ్, హంగేరీ మార్కుష్ చెరో 242.5 దగ్గర ఆగారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి బార్ మీద 137.5 ఎక్కించారు. లేవలేదు. కాంస్యం వచ్చింది, ఒలింపిక్స్‌లో భారత మహిళకి మొట్టమొదటి పతకం. కానీ 135 లేచి ఉంటే మొత్తం 245. ఆ రోజు ఎవరి మొత్తమూ అంత లేదు. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గడం ఈ ఆటలో ఉండదు, కాబట్టి ఒకసారి పైకి వెళ్లాక వెనక్కి రాలేం. అమ్మాయి బలం మీద నమ్మకం గొప్పదే. ఆ ఒక్క నిమిషం మాత్రం నమ్మకం కంటే కూడిక మాట వినాల్సిందని నా అభిప్రాయం.

అంతకంటే నన్ను ఆపేది ఇంకొకటుంది. చిన్నప్పుడు ఒక కోచ్ తనని చూసి, బక్కగా ఉన్నావు, నీ వల్ల కాదు, ఇంట్లో అమ్మకి సాయం చేసుకో అన్నాడని మల్లీశ్వరే చెప్పింది. ఆ మాట చెప్పింది ఏ ట్యాబూ కాదు, కోచ్ కన్నే. తల్లి పట్టుదల పట్టబట్టి ఆ అమ్మాయి బార్ దగ్గరికి వెళ్లగలిగింది. 1994, 1995ల్లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ తల్లిలాంటి తల్లి లేని పిల్లలు ఎంతమంది ఆ ఒక్క మాటతోనే ఇంటిదారి పట్టారో!

కన్ను ఒంటినే చూసి ఊరుకోదు. ఎవరింటి పిల్ల, చెప్పులున్నాయా, గుడ్డూ పాలూ పెట్టే స్తోమత ఉందా, రెండేళ్లలో పెళ్లి చేసేస్తారా, ఇవన్నీ దానికి కనబడతాయి. చూసేవాడికి తెలియకుండానే ఇవన్నీ కలిసి "ఈ పిల్ల పనికిరాదు" అన్న ఒక్క మాటగా బయటికొస్తాయి. దాన్నే మనం అనుభవం అంటున్నాం. బార్ మీది కిలోలకి ఈ జబ్బు లేదు. వంద కిలోలు ఎవరి బిడ్డ ఎత్తినా వంద కిలోలే. కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి వెళ్లి 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తింది. ఆ అంకెని కొట్టేసే అధికారం ఎవరి కంటికీ లేదు. పల్లెటూరి పేద పిల్లకి అంకెని మించిన రక్షణ లేదు.

అందుకే ట్యాబ్ తీసెయ్యమని రాద్దామని కూర్చున్నవాణ్ణి, ఇంకా ఎక్కువ కొలవమని రాస్తున్నాను. మైదానంలో జరిగిన అన్యాయం కొలవడంలో లేదు, ఒక్క పూట కొలిచి తలుపు మూసెయ్యడంలో ఉంది. పన్నెండేళ్ల ఒళ్లు ఆర్నెల్లలో మారిపోతుంది. మొదటి రోజు ఎంత ఎత్తిందన్నదాని కంటే, నేర్పాక ఎంత పెరిగిందన్నదే ఆ పిల్ల గురించి నిజం చెబుతుంది. కొలిచిన ప్రతి పిల్లనీ మూడు నెలలు ఉంచుకుని నేర్పండి, మళ్లీ కొలవండి, ఆ కాగితం ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. మడమలకీ ఒక గడి పెట్టండి. మాస్టారి కంటికి "ఈ పిల్లని ఉంచండి" అనే హక్కు పూర్తిగా ఉండాలి, అంకెలు వద్దన్నా సరే. "పంపించెయ్యండి" అనే హక్కు మాత్రం ఆ కంటికీ ఉండకూడదు, ఒక్క పూట అంకెకీ ఉండకూడదు.