నాతోని అయితదా?

ఇంగ్లీషు ప్రశ్నలో 'కెరీర్' అన్న చోట స్పానిష్‌లో 'కరేరా' అని రాస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ యూనివర్సిటీ విద్యార్థికి కరేరా అంటే ముందుగా తాను చదివే డిగ్రీ. మాట కుదిరింది, ప్రశ్న తప్పిపోయింది. దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసినా 'కెరీర్' అనే వస్తుంది, తప్పు దొరకదు. ప్రశ్న చదివి ఏమర్థమైందో చెప్పమని విద్యార్థినే అడిగితే దొరుకుతుంది. కెరీర్ పరీక్షలను మరో భాషకు మలిచేవాళ్ల ఓపిక చూసి ముచ్చటపడేది ఇక్కడే.

వాళ్ల చేతికొచ్చే కొలతలు రెండు రకాలు. మనస్తత్వవేత్త జాన్ హాలండ్ ఇష్టాలను ఆరు కుదుళ్లుగా చూశాడు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార దక్షత, పద్ధతిగా సాగే ఆఫీసు పని. 1983లో టేలర్, నాన్సీ బెట్జ్ తెచ్చిన కొలత ఇష్టాన్ని వదిలి నమ్మకాన్ని పట్టుకుంది: ఉద్యోగాల సమాచారం సేకరించగలవా, గురి ఎంచుకోగలవా, అడ్డంకి వస్తే దాటగలవా? 50 ప్రశ్నల ఆ కొలతకు 1996లో 25 ప్రశ్నల చిన్న రూపం వచ్చింది. నమ్మకం సన్నగిల్లితే ఆడపిల్లలు ఎంచుకునే దారులు ఇరుకవుతాయని హాకెట్, బెట్జ్ 1981లోనే వాదించారు. ఇష్టాన్నీ నమ్మకాన్నీ వేరువేరుగా అడగడం అందుకే.

ఈ కొలతలు పుట్టిన అమెరికాలో చాలామంది కాలేజీలో చేరాక ప్రధాన సబ్జెక్టు తేల్చుకుంటారు. స్పెయిన్‌లో చేరేటప్పుడే డిగ్రీ ఎంచుకోవాలి. కాబట్టి సబ్జెక్టు ఎంపిక గురించిన ప్రశ్నను అక్కడి చదువుకు తగ్గట్టు మళ్లీ కట్టాలి. స్పానిష్‌లో ఎన్నో ఉద్యోగాల పేర్లకు ఆడ, మగ రూపాలుంటాయి. 'ఇంజినీరు' అని మగ రూపమే రాస్తే అమ్మాయి పక్కకు జరుగుతుంది. వంతెన డిజైన్ చేయడం అని పనినే అడిగితే ఇద్దరికీ సరిపోతుంది. చివరికి వందల జవాబులను లెక్కగట్టి, ఆరు కుదుళ్లూ కొత్త భాషలో నిలిచాయో లేదో చూస్తారు.

కరీంనగర్ శాతవాహన యూనివర్సిటీ పిల్లలకు ఈ కొలతలు మలచాలంటే 'వృత్తి' అన్న మాట దగ్గరే ఆగాలి. దాని వెనకే కులవృత్తి వస్తుంది. వడ్రంగం ఇష్టమా అంటే వచ్చే జవాబులో ఇష్టమెంతో, ఇంటి చరిత్ర ఎంతో తేలదు. నమ్మకం గురించి అడిగే చోట 'ఆత్మవిశ్వాసం' అని రాసినా కుదరదు, అది మనిషి మొత్తానికి కప్పే దుప్పటి. బెట్జ్ అడిగేది ఒక్కో పని గురించి. దానికి మన ఇళ్లల్లో మాట ఎప్పటినుంచో ఉంది: "నాతోని అయితది." ఏ పనో చెప్పకుండా ఆ మాట ఎవరూ అనరు.

వాడేవాళ్ల మాటకు తగ్గట్టు మలిచే ఈ క్రమశిక్షణ మన నేలకు కొత్తది కాదు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు పిల్లల చదువు మొదలుపెట్టినప్పుడు, వాచకాలు దేవనాగరి లిపిలో గోండి మాటలతోనే తయారయ్యాయి. గోండు యువకులే పంతుళ్లయ్యారు. బిడ్డ నోటి మాటను బట్టి పుస్తకం కుదిరింది.

బీడీలు చుట్టే ఇంటి అమ్మాయి ఒక ప్రశ్న దగ్గర "నాతోని కాదు" అని టిక్కు పెడితే, ఆ జవాబు చూసి ఎవరో ఆమెకు దారి చెబుతారు. ఆ 'కాదు' ఆమె మనసులోంచే రావాలి, అర్థంకాని ప్రశ్నలోంచి రాకూడదు. ఒక్క మాట కోసం ఇన్నిసార్లు వెనక్కి వెళ్లడం ఆ అమ్మాయి కోసమే.