బారెల్ మారినా చెరగని పుట్టుక

త్రీనాట్ త్రీ అనగానే మనకు పోలీసు కానిస్టేబుల్ భుజానికున్న తుపాకి గుర్తొస్తుంది. ఆ వంశానిదే నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల చేతుల్లో ఉన్న ఈ తుపాకికి ఇంగ్లండులోని బిస్లీ గురి పోటీలు మరో జీవితం ఇచ్చాయి. 1954లో నాటో దేశాలు 7.62 మిల్లీమీటర్ల తూటాను ఖాయం చేశాయి. సైన్యం పాత .303ను వదిలేశాక పోటీలవాళ్లకూ కొత్త తూటా తప్పలేదు. దాంతో నంబర్ 4 రిసీవర్లకు కొత్తగా బరువైన బారెల్ బిగించి, ముందు చెక్కను పొట్టిచేసి, సన్నని రంధ్రంలోంచి గురిచూసే సాధనం అమర్చారు. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం చేసిన ఎల్39ఎ1, ఎన్వాయ్ ఈ కోవలోవే. ప్రైవేటు తుపాకి పనివాళ్లు మార్చినవీ ఉన్నాయి. ఏది ఎక్కడ పుట్టిందో తేల్చడంలో చిక్కంతా వాటితోనే.

అలాంటిది చేతికొస్తే ముందు అందులో తూటా లేదని రూఢి చేసుకోవాలి. తర్వాత చూడాల్సింది రిసీవర్‌ను. బారెలూ చెక్కా ఎన్నిసార్లైనా మారతాయి, బోల్టు కదలాడే ఈ ఉక్కు భాగమే అసలు తుపాకి. కొత్తగా నల్లరంగు ఎక్కించినా, టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే ముద్రల అంచులు తేలతాయి. ‘ఎం47సి’ అంటే షిర్లీలోని బీఎస్‌ఏ కర్మాగారం. ‘లాంగ్ బ్రాంచ్’ కెనడాది. ‘యూఎస్ ప్రాపర్టీ’ అని ఉంటే అమెరికాలో సావేజ్ కంపెనీ చేసింది. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) కింద ‘ఎస్51’ కనబడగానే ఇది హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ సిద్ధంచేసిన స్నైపర్ తుపాకి అని సంబరపడకూడదు. బట్ ఎక్కణ్ణుంచైనా వచ్చి ఉండొచ్చు. రిసీవర్ ఎడమవైపు దుర్భిణి బిగించే రెండు దిమ్మలు, ‘టి’ అక్షరం కూడా ఉంటేనే ఆ మాట నిలబడుతుంది.

ఆ తర్వాత బారెల్. దానిమీద ‘2.222 అంగుళాలు, 18.5 టన్నులు’ అని ఉంటే అది .303 బారెలే. మొదటి అంకె తూటా కేసు పొడవు, రెండోది ఒత్తిడి. పాత సైనిక బారెల్ లోపలి గాడులు ఎడమకు మెలితిరుగుతాయి, ఎల్39ఎ1 బారెల్లో కుడికి. ముద్ర ఏం చెప్పినా, తూటా గది కొలతను నిపుణుడు తీసి చూసేదాకా దాంతో కాల్చకూడదు. మ్యాగజైన్ పాత .303దే అయితే కంగారుపడక్కర్లేదు. పోటీలో ఒక్కో తూటానే పెట్టి కాలుస్తారు కనుక దాన్ని వట్టి ఆధారంగా ఉంచేసినవీ ఉన్నాయి.

మార్చిన తుపాకిని ‘పాడుచేసినది’ అని తీసిపారేసే సేకర్తలున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ముందు చెక్క ఉక్కుకు ఎక్కడ ఆనాలి, ఎంత గట్టిగా ఆనాలి అన్నది తుపాకిని ఇలా మార్చే విద్యకు ప్రాణం. మంచి పనివాడు చెక్కను కొద్దికొద్దిగా గీకుతూ, అవసరమైతే అతుకు వేస్తూ ఆ పట్టు తెస్తాడు. అది సడలితే గురి చెదురుతుంది. అందుకే, కింద ఇంకేం ముద్రలున్నాయో చూద్దామన్న ఆత్రంతో ముందు చెక్కను ఊడదీయకూడదు. ఆ పని తెలిసిన ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చేతికే వదిలేయాలి.