అమ్మమ్మ పాఠం

పుదుచ్చేరికీ తెలుగు పద్యానికీ చుట్టరికం పాతదే. అక్కడి ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీ అయిన ఆనందరంగ పిళ్లెకు కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం అంకితమిచ్చాడు. పద్యం సంగతి అది. పాట సంగతికొస్తే, ఆ తీరం వెంబడే ఉత్తరాన, చెన్నపట్నంలో వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇల్లు గుర్తొస్తుంది. వాళ్లది తంజావూరు ఆస్థాన విద్వాంసుల వంశం, ఇంటి భాష తమిళం. అయినా మొవ్వ క్షేత్రయ్య తెలుగు శృంగార గీతాలైన పదాలను ప్రాణంలా దాచుకున్నారు. మనవరాళ్లు బృంద, ముక్త వాటిని కచేరీ వేదికకెక్కించారు. మరో మనవరాలు బాలసరస్వతి అభినయిస్తూనే పాడేది.

పదం పాడటం ఎంత కష్టమైన పనో! విలంబంలో ఒక్కో అక్షరం సాగుతుంది. గమకం తెగకూడదు, మాట విరగకూడదు, నాయిక అలక వినబడాలి. ఊపిరి ఎక్కడ తీయాలో స్వరలిపి చెప్పదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్దలే చెప్పాలి. అందుకే వేదికపై తన ఇంటి పాఠాన్ని మార్చకుండా పాడే గాయని అంటే నాకు అంత గౌరవం. అలా పాడిన బృందకు 1976లో సంగీత కళానిధి బిరుదు దక్కింది. బృంద, ముక్త అక్కచెల్లెళ్ల రికార్డింగులు నేటికీ దొరుకుతున్నాయి. ముందు పదం అర్థం చదువుకుని, ఆపైన తీరిగ్గా వినండి.