లెనిన్ “సామ్రాజ్యవాదము”: గ్రంథ పరిశీలనము

నా యొద్ద చదువుకొని యిప్పుడు కళాశాలలో నున్న విద్యార్థి యొకడు గడచిన వేసవిలో ఒక చిన్న పుస్తకమును నా చేతబెట్టి, “మాస్టరుగారూ, దీనిని చదివిన పిమ్మట వేఱొక రాజకీయ గ్రంథ మక్కఱలేదండి” అనెను. అది లెనిన్ 1916లో జూరిచ్ నగరమున ప్రవాసియై వ్రాయగా 1917లో పెట్రోగ్రాడున అచ్చుపడిన “సామ్రాజ్యవాదము”. సామాన్యులకు సుబోధమగు రూపరేఖ యని గ్రంథకర్తయే దీనికి పేరు చేర్చెను. తొలిపాఠముగా వ్రాయబడిన గ్రంథమును తొలిపాఠముగానే పరీక్షించుట న్యాయము. అది చదువరికి చూపు నిచ్చుచున్నదా, వల్లెవేయుటకు సూత్రముల నిచ్చుచున్నదా?

గ్రంథమున పది ప్రకరణములు గలవు. కర్మాగారములు కొలదిమంది గుత్తాధిపతుల చేతజిక్కుట, బ్యాంకులు వారితో నేకమగుట, స్వదేశమున నిమడని ధనము పరదేశములకు ఎగుమతియగుట, పిదప లోకమెల్ల పంపకము గావింపబడుట: ఇదీ వాదక్రమము. మొదటి ప్రకరణములు జర్మను బ్యాంకుల పేళ్లతో నిండి గృహస్థుని ఓర్పును పరీక్షించును. వానిని దాటి ఆఱవ ప్రకరణమునకు వచ్చినవానికి మాత్రము శ్రమకు తగిన ఫలము దొరకును. ఆఫ్రికా ఖండమున పరరాజ్యముల యధీనమందున్న నేల 1876లో నూటికి 10.8 వంతులు, 1900 నాటికి 90.4 వంతులు. ఇరువదినాలుగేండ్లలో ఖండమునకు ఖండమే చేతులు మాఱినది! నాగరకత నేర్పుటకై పోయితిమను మాట ఈ రెండంకెల యెదుట నిలువదు. సొంత జెండా యుండియు లండను ధనమునకు లోబడిన అర్జెంటీనాను, స్వతంత్రమను పేరుండియు ఇంగ్లండు నీడన బ్రదికిన పోర్చుగలును గ్రంథకర్త యిచ్చటనే చూపెను. జెండా మాఱినంతనే పరాధీనత తీఱదని 1947 తరువాత పుట్టిన మా తరమువారికి ఇంత స్పష్టముగా జెప్పిన పుటలు అరుదు.

అయినను వాదమున సందు లేకపోలేదు. విదేశములందలి పెట్టుబడిని గూర్చి నాలుగవ ప్రకరణమున నిచ్చిన పట్టికనే చూడుడు. 1910 ప్రాంతమున ఫ్రాన్సు పెట్టుబడి 3,500 కోట్ల మార్కులు. అందు 2,300 కోట్లు ఐరోపాలోనే యున్నవి. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలకు కలిపి 800 కోట్లు. బ్రిటను వారి 7,000 కోట్లలో 3,700 కోట్లు అమెరికాకు జేరినవి. ధనము పోయిన దారి యొకటి, సేనలు పోయిన దారి వేఱొకటి! దీనికాతడు సమాధానము చెప్పకపోలేదు: ముందెన్నడో దొరకగల ముడిసరుకుల కొఱకును నేలను పట్టుదురట. కావచ్చును, కాని అది ఊహ, అంకెలతో తేల్చిన విషయము గాదు.

మన నేల మాటయు నిట్టిదే. ఇంగ్లీషువారు మచిలీపట్టణపు కోటను 1759లో పట్టిరి. ఉత్తర సర్కారులకు 1765లో మొగలు పాదుషా ఫర్మానా పొందిరి. అప్పటికి ఈ బ్యాంకు గుత్తలు పుట్టలేదు. (ఈస్టిండియా కంపెనీయు గుత్త వర్తకమే గదా యందురేమో, అది వేఱు జాతి గుత్త.) పూర్వమును సామ్రాజ్యములుండెనని గ్రంథకర్త యొప్పుకొని, కొన్ని వాక్యములతో ముందునకు సాగిపోయెను. జయించినవాని ఆకలి యిందు సవిస్తరము; జయింపబడినవాని యిల్లు కానరాదు. దాదాభాయి నౌరోజీ 1901లో భారతదేశ దారిద్ర్యమును గూర్చి ప్రకటించిన గ్రంథమును దీనికి జతగా చదువనిదే ఆ లోటు తీఱదు.

నాకు మిక్కిలి రుచించినది పీఠిక. జారు ప్రభుత్వాధికారులు ప్రచురణకు అడ్డుపడుదురను జంకుచే తాను ఈసపు కథలవలె చాటుమాటలతో వ్రాసితి ననియు, రష్యా యనవలసినచోట జపాననియు, ఫిన్లండు, పోలండు, ఉక్రెయిను, ఎస్తోనియా మున్నగువాని స్థానమున కొరియా యనియు నుంచితి ననియు, శ్రద్ధగల చదువరి పేళ్లు మార్చుకొనగల డనియు 1917 ఏప్రిలున నందు జెప్పెను. మన యాలంకారికులు దీనినే అన్యాపదేశ మందురు. అన్యాపదేశమునకు హద్దు వ్రాసినవాడు గీయజాలడు. 1940లో సోవియట్టు రాజ్యము ఎస్తోనియాను కలుపుకొన్నప్పుడు, 1968లో దాని ట్యాంకులు ప్రేగు నగరమున ప్రవేశించినప్పుడు, 2022లో రష్యా సేనలు ఉక్రెయినుపై దండెత్తినప్పుడు, ఈ పీఠికను చదువువాడు ఏ పేరు నెచ్చట నుంచవలెను? గ్రంథకర్త శిష్యులు పెక్కండ్రు సూత్రములను వల్లించిరి, పీఠికను మఱచిరి.

పుస్తకమును తిరిగి యిచ్చునపుడు ఆ విద్యార్థితో, “నాయనా, పీఠికను మరల చదివి, జపాను కొరియాల స్థానమున నేటి పత్రికలోని పేళ్లుంచి వ్రాసికొని రమ్ము” అంటిని. అతడు మొదట రెండు రాజ్యముల పేళ్లు తెచ్చెను. రెండును తనకు గిట్టనివే. మఱునాడు మరల వచ్చి, మూడవ పేరొకటి వ్రాసి కొట్టివేసిన కాగితమును నా ముందుంచెను.