వాడ దాకా రాని సహకారం

"కులమత భేదాలు చూడకుండా సాయం చేశాం." తుఫానొచ్చినా, భూకంపమొచ్చినా, ఉప్పెనొచ్చినా స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఇది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే సాయం దిగే నేల మీద కులం ఉన్నప్పుడు, కులం చూడకుండా పంచిన సాయం ఎవరి చేతికి పోతుంది? 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో కతోలిక సంస్థ కారితాస్, దానితో చేతులు కలిపిన సంస్థలు చేసిన పనిని ముందు పెట్టుకుని ఈ ప్రశ్న అడుగుతున్నాం.

ముందు ఒక మాట. ఆకలితో ఉన్నోళ్ళకి అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 2004 డిసెంబరు 26న సముద్రం తమిళనాడులో దాదాపు 8,000 మందిని పొట్టన పెట్టుకుంది. అందులో 6,000 మందికి పైగా ఒక్క నాగపట్నం జిల్లా వాళ్ళే. క్రిస్మస్ మర్నాడు కావడంతో వేలాంకణ్ణి మాత గుడికి వచ్చిన యాత్రికులు కూడా చాలామంది పోయారు. మన ఆంధ్ర తీరంలోనూ వందకు పైగా ప్రాణాలు పోయాయి. నాగపట్నం మత్స్యకారుల్లో ఎక్కువమంది హిందువులు. కతోలిక సంస్థలు వాళ్ళ మతం అడగకుండానే పనిచేశాయి. సాయం పేరుతో మతం మారుస్తున్నారని అరిచేవాళ్ళకు మా విమర్శ అక్కరకు రాదు. మేం అడిగేది మతం గురించి కాదు, కులం గురించి.

కారితాస్ ఇండియా 1962లో కతోలిక బిషప్పుల సమాఖ్య కింద ఏర్పడింది. విదేశాల్లోని కారితాస్ సంస్థల నుంచి డబ్బు దానికి వస్తుంది. అక్కడి నుంచి మేత్రాసనాల సాంఘిక సేవా సంఘాలకు, వాటి నుంచి ఊళ్ళకు చేరుతుంది. నాగపట్నంలో రకరకాల సంస్థలు, జిల్లా యంత్రాంగం కలిసి సమన్వయ కేంద్రం కూడా నడిపాయి. పనిలో పని రెండుసార్లు జరగకుండా చూసుకున్నాయి. ఈ సహకారాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఢిల్లీ నుంచి నాగపట్నం దాకా అది బాగానే నడిచింది. చిక్కంతా ఊళ్ళోకొచ్చాక మొదలైంది. ఊళ్ళో ఎవరితో సహకరించాలి? "గ్రామ పెద్దలతో" అన్నారు. ఆ తీరంలో గ్రామ పెద్దలంటే మత్స్యకార కులం వాళ్ళ ఊర్ పంచాయత్తు. లబ్ధిదారుల జాబితాల్లో దాని మాటే చెల్లుబాటైంది. ఆ పంచాయత్తులో దళితులకు చోటు లేదు. వాళ్ళుండే చోటును తమిళంలో చేరి అంటారు, మనం వాడ అంటాం. "ఊరూ వాడా ఏకమై" అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ సాయం లారీ ఊళ్ళో ఆగింది.

మత్స్యకారులు దొరలేం కాదు. వాళ్ళూ వెనకబడిన కులాల వాళ్ళే, ఎక్కువ ప్రాణాలు పోయింది కూడా వాళ్ళవే. వాళ్ళకు అందింది అందాల్సిందే. అయితే దళితులకు ఎందుకు అందలేదో చూడాలి. సాయాన్ని నష్టంతో కొలిచారు. పడవ పోయినోడికి పడవ, వల పోయినోడికి వల, పొలం ఉప్పుబారినోడికి పరిహారం. ఆ పడవ దగ్గర చేపలు మోసే కూలికి, ఉప్పుటేరులో చేత్తో రొయ్యలు పట్టుకునేవాళ్ళకి, ఉప్పుబారిన పొలంలో కలుపు తీసే ఆడకూలికి ఏం పోయింది? కూలి పోయింది. కూలికి పట్టా ఉండదు, లైసెన్సు ఉండదు. కాబట్టి నష్టం లేదు. ఉన్నోడికి పోయింది, లేనోడికి పోడానికేముంది? ఈ లెక్క ఎంత దూరం పోయిందంటే, కొన్నిచోట్ల సముద్రం భరించలేనన్ని పడవలు ఇచ్చారు. మరోపక్క శవాలు ఎత్తడానికి మాత్రం మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికుల్ని, అంటే ఎక్కువగా దళితుల్ని, దింపారు. ఆ పనికి వాళ్ళ కులం అందరికీ కనిపించింది.

2005 మేలో వెలువడిన హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక, దళిత సంఘాల పరిశీలనలు సహాయ పంపిణీలో దళితులు, ఆదివాసులు వివక్షకు గురయ్యారని నమోదు చేశాయి. ఇదేమీ ఊహకు అందనిది కాదు. 1968 డిసెంబరు 25న 44 మంది దళితుల్ని గుడిసెలో తగలబెట్టిన కీళ్వెణ్మణి ఈ నాగపట్నం ప్రాంతంలోదే. అలాంటి చోట సాయం కులాన్ని తప్పించుకుని నడుస్తుందనుకోవడం అమాయకత్వం.

మనకూ ఈ పాఠం కొత్తది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ చుట్టుపక్కల సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ తర్వాత 1988 దాకా కృష్ణా డెల్టాను పరిశీలించిన పీటర్ వించెస్టర్ 1992లో అచ్చయిన పుస్తకంలో తేల్చింది ఇదే: గాలి అందరి మీదా వీచింది, కానీ ఆస్తి ఉన్నవాళ్ళు తొందరగా లేచారు, లేనివాళ్ళు లేవలేదు. ఆ డెల్టాలో భూమి ఎవరిదో, కూలి ఎవరిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చర్చిని అడగాల్సిన అసలు ప్రశ్న. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులం కాదు. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధ దళితులకు 1990లో దక్కింది క్రైస్తవ దళితుడికి దక్కలేదు. సహాయ శిబిరంలో అంటరానితనం పాటించి నెట్టేసినా 1989 అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదు. ఈ అన్యాయం మీద చర్చి పోరాడుతూనే ఉంది. బాప్తిస్మంతో కులం పోదని ప్రభుత్వంతో వాదిస్తోంది. 2016 డిసెంబరులో బిషప్పుల సమాఖ్య దళిత సాధికారతా విధానం ప్రకటిస్తూ, దేశంలోని కోటీ 90 లక్షల కతోలికుల్లో కోటీ 20 లక్షల మంది దళితులని చెప్పింది. చర్చి లోపల కుల వివక్ష ఉందని ఒప్పుకుంది. మరి ప్రభుత్వం ముందు కులం ఉందనే చర్చి, సాయం దగ్గరికొచ్చేసరికి కులం చూడమని ఎట్లా అంటుంది? ఈ రెండు మాటలూ ఒకే నోట పొసగవు.

కులం చూడకపోవడం కాదు, చూసి సరిచేయడం న్యాయం. అందుకు పెద్ద సిద్ధాంతమేం అక్కర్లేదు. లబ్ధిదారుల జాబితా ముందు వాడలో రాయాలి, తర్వాత ఊళ్ళో రాయాలి. ఆస్తి నష్టంతో పాటు పోయిన కూలి దినాల్నీ లెక్కగట్టాలి. పంచిన ప్రతి వస్తువూ ఏ వాడకు ఎంత చేరిందో కులం వారీగా ప్రకటించాలి. సమన్వయ కేంద్రాల్లో దళిత సంఘాలకు కుర్చీ ఉండాలి, అదీ జాబితా ఖరారు కాకముందే. మన తీరానికి తుఫాన్లు ప్రతి ఏడూ వస్తూనే ఉంటాయి. కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు సాయం మూటలు మోయడానికి వెళ్ళేటప్పుడు ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్ళాలని మా కోరిక. లారీ ఎక్కడ ఆగిందో, వాడ అక్కడికి ఎంత దూరమో అందులో రాసుకురండి.