సగం ఫ్యాక్టరీలో, సగం గోడ మీద

స్ప్లిట్ ఏసీ కొన్నవాళ్లలో చాలామంది పూర్తయిన యంత్రాన్నే కొన్నామనుకుంటారు. నిజానికి అట్టపెట్టెల్లో ఇంటికొచ్చేది రెండు ముక్కలు. వాటిని కలిపే రాగి గొట్టాలు కొలిచి కోయడం, అతకడం, లోపలి గాలినీ తేమనూ లాగెయ్యడం, నీటికి దారి చూపించడం అన్నీ మనింట్లో జరగాల్సినవే. ఐదు స్టార్ల మిషన్‌ని కూడా ఆ రెండు మూడు గంటల పని రెండు స్టార్లకి దించగలదు. బిగించేది ఎవరన్నది ఏ కంపెనీ అన్నదానికంటే చిన్న ప్రశ్నేం కాదు.

ఆదిలాబాద్‌లో మా అక్కయ్య వాళ్లింట్లో ఒక మెకానిక్ పని దగ్గర కూర్చుని చూశాను. ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోయి, చలికాలం రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి దిగే ఊరు కాబట్టి వాళ్లు హాట్ అండ్ కోల్డ్ ఏసీ తీసుకున్నారు. ఇందులో ఒక వాల్వు గ్యాస్ దారిని తిప్పేస్తుంది. ఎండాకాలం గదిలోని వేడిని బయట పోసేదే, చలికాలం బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లోపలికి తోడుతుంది. రూమ్ హీటర్ యూనిట్ కరెంటుకి యూనిట్ వేడే ఇస్తుంది. ఇది, చలి మరీ ముదరకపోతే, సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు.

వచ్చీ రాగానే పెట్టెలు విప్పలేదాయన. పడమటి గోడ ఏది, పైన డాబా ఖాళీయేనా అని అడిగాడు. ఎర్తింగ్ ఉందో లేదో చూశాడు. ఏసీకి మీటరు దగ్గర్నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ ఉన్నాయని తేల్చుకున్నాకే గోడ మీద పెన్సిల్ పెట్టాడు. బీము, లోపలి వైర్లు తప్పించి కోర్ కటింగ్ చేశాడు. బొక్క బయటివైపుకి కాస్త వాలుగా ఉండాలి. లేకపోతే వాననీళ్లు లోపలికొస్తాయి, డ్రెయిన్ నీళ్లు బయటికి పోవు. గోడ మీద నీళ్లు కారే ఏసీలు చాలావాటికి మూలం ఈ వాలు తప్పడమే.

అసలు చేతి నేర్పు కనిపించేది రాగి గొట్టం దగ్గర. కట్టర్‌ని చుట్టూ తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ ఇసుమంత బిగిస్తూ కోశాడు. తొందరపడి బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. కోసిన అంచు లోపల సన్నని పొర లేస్తుంది. దాన్ని గీకేటప్పుడు గొట్టం మూతిని నేలకేసి పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ రజను ఒక్క పలుకు లోపలికి జారినా కంప్రెసర్‌కి ముప్పు. తర్వాత నట్టు ముందుగా ఎక్కించి (ఇది మర్చిపోయి చేసిన పనంతా కోసి పారేసేవాళ్లు బోలెడుమంది) ఫ్లేరింగ్ టూల్‌తో మూతి విప్పాడు. ఉమ్మెత్త పువ్వులా సమంగా విచ్చుకుంది. వేలి కొసతో అంచు తడిమి, వెలుతురుకెత్తి చూసి, బాగోలేదని ఆ ముక్క కోసేసి మళ్లీ చేశాడు. నాకు మొదటిదీ బాగానే కనిపించింది!

నట్టుని ముందు వేళ్లతోనే తిప్పాడు. మర సాఫీగా ఎక్కితేనే స్పానర్లు తీశాడు. ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్క స్పానర్‌తో లాగితే గొట్టం మెలిపడుతుంది. రెండు గొట్టాలకీ విడివిడిగా ఫోమ్ తొడుగులు వేశాడు. కలిపి చుట్టేస్తే ఒకదాని వేడి ఒకటి లాక్కుంటాయి. బయటి యూనిట్ అడుగున కూడా ఒక డ్రెయిన్ పైపు పెట్టాడు. చలికాలంలో నీళ్లు కారేది అక్కడే కదా. కూలింగ్ ఏసీలకి అలవాటుపడ్డవాళ్లకి ఇది తట్టదు.

ఇక వాక్యూమ్. మామూలు గాలి పీడనం 7,60,000 మైక్రాన్లనుకుంటే, పంపు దాన్ని 500 దగ్గరికి దించాలి. అంత తక్కువ పీడనంలో గొట్టంలో దాగిన తేమ గది వేడికే మరిగి ఆవిరైపోతుంది. అది మిగిలితే కంప్రెసర్ నూనెతో కలిసి యాసిడ్ పుట్టిస్తుంది. అంకె దిగాక ఆయన వాల్వు మూసి, పంపు ఆపి, గేజి ముందు కూర్చున్నాడు. మా బావ టీ తాగుదాం రమ్మంటే, "జర ఆగుండ్రి సార్, అంకె నిలబడాలె" అన్నాడు. అంకె కొంచెం పెరిగి ఆగితే తేమ మిగిలినట్టు. పెరుగుతూనే పోతే ఎక్కడో లీకు. ఏ వస్తువూ కదలని ఆ కాసేపే పనితనానికి అసలు పరీక్షని నా అభిప్రాయం.

ఈ పని ఎగ్గొట్టడానికి ఒక అడ్డదారి ఉంది. మిషన్‌లో ఉన్న గ్యాసే కొంచెం వదిలి గాలిని బయటికి తోసెయ్యడం. నిమిషంలో అయిపోతుంది. కానీ తేమ పోదు, గ్యాస్ తగ్గుతుంది. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది. భూమిని వేడెక్కించడంలో బరువుకి బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు ఎక్కువ.

మీ ఇంటికి మెకానిక్ వచ్చినప్పుడు నిచ్చెన వెయ్యకముందే వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగండి. తేలేదంటే తెచ్చుకునేదాకా పెట్టె విప్పనివ్వకండి. తెచ్చినవాడు మూడొందలు ఎక్కువడిగితే బేరమాడకుండా ఇవ్వండి.